‘పెట్టనా?’ అని అడిగారా?

2023 నవంబరులో నటి రష్మిక మందన్న వీడియో ఒకటి ఎన్నో ఫోన్లలో తిరిగింది. అందులో ముఖం మాత్రమే ఆమెది, మనిషి వేరు. కృత్రిమ మేధతో ఇలా అతికించినదాన్నే డీప్‌ఫేక్ అంటారు. అసలు వీడియోలోని మహిళ కూడా దీంతో తనకు సంబంధం లేదని చెప్పుకోవలసి వచ్చింది.

2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుడిని అరెస్టు చేశారు. రష్మిక అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరగాలని ఇలా చేశాడని వాళ్లు చెప్పారు. అభిమానం ఉంటే సరిపోదు, అనుమతి కూడా కావాలి.

బడిలోనో కాలేజీలోనో ఉన్నప్పుడు ఇలా జరిగుంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని రష్మిక అన్నారు. అలాంటి యాప్‌లు ఇప్పుడు ధర్మపురిలో మన చేతి ఫోన్లలోకీ వచ్చేశాయి.

పిల్లలూ, స్నేహితుల ఫోటో మార్చి గ్రూప్‌లో పెట్టేముందు ‘పెట్టనా?’ అని అడగండి. సరదాకే కదా అనకండి. నవ్వేది మీరు, బడికి రావడానికి భయపడేది వాళ్లు.

అమ్మానాన్నలూ, మీ పిల్లల ఫోటో పెట్టేటప్పుడు వాళ్లనూ ఒక మాట అడగండి. ఇలాంటి కష్టం వచ్చిందని చెప్పుకుంటే తిట్టకండి, ముందు వినండి. ఆ ఫోటో ఇంకెవరికీ పంపొద్దు. సైబర్ నేరాల నంబరు 1930కి గానీ, పిల్లల సహాయ నంబరు 1098కి గానీ ఫోన్ చేయండి.