ఆ నలభై మందిలో మామ్మ ఉందా?

2023 నవంబరు 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి ఇటలీలో టస్కనీ కొండల మధ్య పెళ్ళి చేసుకున్నారు. బోర్గో శాన్ ఫెలీచే అని, ఒక పాత పల్లెటూరినే హోటల్‌గా మార్చిన చోటు. అంతకు ఐదేళ్ళ ముందు దీపిక, రణ్‌వీర్ కోమో సరస్సు ఒడ్డున ఒక పాత విల్లాలో చేసుకున్నప్పుడు మనవాళ్ళు ఫోటోలు చూసి ఊరుకున్నారు. వాళ్ళు బొంబాయి వాళ్ళు కదా అని. కొణిదెల వారి మూలాలు మాత్రం మొగల్తూరులో ఉన్నాయి. మన పక్కూరోళ్ళు ఇటలీలో చేసుకుంటే మనం చేసుకోకూడదా అన్న ఆలోచన మా ఇంట్లోకీ వచ్చేసింది.

మా పెదనాన్న గారి అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తోంది. పెళ్ళి కుదిరింది, అబ్బాయీ అక్కడే. ఊరికి దూరంగా ఎప్పటిదో ఒక ప్రభువుల బంగళా, చుట్టూ తోట, అటు ఇరవై ఇటు ఇరవై, మొత్తం నలభై మంది. ఇదీ అక్క ప్లాన్. పెదనాన్న ఒప్పుకోలేదు, పెద్దమ్మ ఏడ్చింది, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు రెండు పార్టీలుగా చీలింది. నన్నడిగితే (ఎవరూ అడగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా) అక్క చెప్పినదాంట్లో సగం కరెక్టు.

ఆ సగం ఏంటంటే, నలభై మంది. మన వైపు పెళ్ళిళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పదిహేను వందల భోజనాలు. వచ్చినవాళ్ళలో సగం మంది స్టేజీ ఎక్కి, కవరిచ్చి, ఫోటో దిగి, తిని వెళ్ళిపోతారు. అర్ధరాత్రి తలంబ్రాల వేళకి వాళ్ళు ఇంటి దగ్గర నిద్రలో ఉంటారు. చెరువులో పంట బాగుంటే సరే. రొయ్యకి వైట్ స్పాట్ వచ్చిన ఏడాది కూడా అవే పదిహేను వందల భోజనాలు, కాకపోతే అప్పు తెచ్చి. ఇది వద్దని అక్క అంటే నేను అక్క పార్టీయే.

కానీ తక్కువ మందితో చేసుకోవడం వేరు, దూరదేశంలో చేసుకోవడం వేరు. ఇక్కడ చేసుకుంటే ఆ నలభై మంది ఎవరో మనం ఎంచుకుంటాం. అక్కడైతే వీసా ఆఫీసరు ఎంచుతాడు. మా మామ్మకి పాస్‌పోర్టు లేదు. రేషన్ మిషన్ మీద ఆవిడ వేలిముద్ర పడాలంటేనే నాలుగుసార్లు నొక్కాలి, వీసాకి పది వేళ్ళూ అడుగుతారు. పైగా తిరిగి వస్తామని నమ్మేలా కాగితాలు చూపించాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి తప్ప ఊరు కదలని మనిషి, వెనక్కి వస్తానని లండన్ వాళ్ళకి రుజువు చూపించాలన్నమాట! చేపల చెరువు లీజు మీద బతికే మేనమామ సంగతీ అంతే. ఆయన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనపడదు, చెరువులో ఉంటుంది. ఆయనకి వీసా రాకపోతే పెళ్ళికూతుర్ని బుట్టలో ఎవరు తెస్తారు? అక్క ఆఫీసు ఫ్రెండ్సా?

ఇక ఆ బంగళా. అక్కడ పెళ్ళంటే ఏదో వందల ఏళ్ళ ఆచారం అనుకుంటాం. నిజానికి ఇంగ్లండ్‌లో ఇలాంటి బంగళాల్లో చట్టబద్ధంగా పెళ్ళి చేసుకునే వీలు 1994 నాటి చట్టంతో వచ్చింది. అంతకుముందు మామూలుగా అయితే చర్చి, లేదంటే రిజిస్ట్రార్ ఆఫీసు. ఇప్పుడు కూడా ఆ భవనానికి అనుమతి ఉండాలి, ఇద్దరూ కనీసం 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రిజిస్ట్రార్ చేయించే పెళ్ళిలో మతపరమైన తంతు ఉండకూడదు. అంటే మంత్రాల పెళ్ళి ఒకటి, సంతకాల పెళ్ళి ఇంకొకటి. మన పంతులుగారు రాత్రి రెండు దాటాక ముహూర్తం పెడితే అప్పుడు సన్నాయి మోగనిస్తారా? చెక్క పైకప్పున్న పాత హాల్లో హోమం వెలిగించనిస్తారా? అన్నట్టు, లగ్నం కూడా ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కకట్టాలి, ఏలూరు పంచాంగం అక్కడ పనికిరాదు. అక్కకి ఇవేం చెప్పినా "ప్లానర్ చూసుకుంటాడు" అంటుంది.

అసలు మెలిక వేరే ఉంది. పెదనాన్న బీరువాలో చదివింపుల పుస్తకం ఒకటుంది. ఎవరి పెళ్ళికి ఈయన ఎంత చదివించారు, ఈయన ఇంటి శుభకార్యానికి ఎవరు ఎంత చదివించారు, ముప్పై ఏళ్ళ లెక్క. ఆయన దృష్టిలో భోజనం కూడా బాకీయే. తిన్న ఇంటివాళ్ళకి పెట్టాలి. కాబట్టి ఇంగ్లండ్‌లో నలభై మందితో పెళ్ళయ్యాక కైకలూరులో పదిహేను వందల మందికి రిసెప్షన్ తప్పదు. వరుణ్ తేజ్ వాళ్ళే ఇటలీ నుంచి వచ్చి నవంబరు 5న హైదరాబాద్‌లో రిసెప్షన్ ఇచ్చారు. వాళ్ళకి తట్టుకునే శక్తి ఉంది. మనకి మాత్రం చిన్న పెళ్ళి పేరుతో పెద్ద ఖర్చు రెండుసార్లు.

నిజంగా చిన్న పెళ్ళి కావాలంటే మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ద్వారకా తిరుమల కొండ మీద పెళ్ళి. మన కాలేజీ నుంచి భీమడోలు మీదుగా వెళ్ళిపోవచ్చు. మంచి ముహూర్తం ఉన్న రోజు అక్కడ ఎన్ని జంటలో! దగ్గరివాళ్ళు ఒక బస్సులో వెళ్ళి, తాళి కట్టించి, దర్శనం చేసుకుని వచ్చేస్తారు. "కొండ మీద చేశాం" అంటే ఊళ్ళో ఎవరూ "మమ్మల్ని పిలవలేదేం" అని అడగరు. దేవుడి మీదకి తోసేస్తే చాలు, పిలవనందుకు క్షమాపణ అక్కర్లేదు. ఈ సౌకర్యం ఏ టస్కనీలో ఉంది?

అందుకే అక్కకి ఒక మెసేజ్ పెట్టాను. సంతకాల పెళ్ళి అక్కడే చేసుకో, ఫ్రెండ్స్‌ని పిలిచి ఆ బంగళాలో డిన్నర్ ఇచ్చుకో, గౌను కూడా వేసుకో. తాళి మాత్రం చిన తిరుపతిలో, ఒక్క బస్సు జనంతో. బస్సులో ముందు సీటు మామ్మది. ఊరి భోజనాలు వద్దని పెదనాన్నకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు.

బ్లూ టిక్ పడి నాలుగు రోజులైంది. పెదనాన్న మాత్రం నిన్న వంటవాళ్ళతో మాట్లాడారట. పదహారు వందల దగ్గర ఉన్నారు.