'పొజిషన్': ఉంచిన చోటు, నిలిచిన చోటు

'పొజిషన్' అను ఆంగ్లపదము మన వాడుకలో ఎన్నో మాటల పని చేయుచున్నది. పటములో ఊరుండు తావు, తరగతిలో వచ్చిన ర్యాంకు, కార్యాలయములో పదవి, సంఘములో హోదా, వివాదములో వైఖరి — అన్నిటికీ అదే మాట. తెలుగున తావు, పదవి, వైఖరి. ఉర్దూలో జగహ్, ఓహ్‌దా, మౌఖిఫ్ వేర్వేరుగా ఉండగా, ఒక్కదానితో సరిపెట్టుకొనుట వలన భావము మసకబారుచున్నదని మా అభిప్రాయము.

యానామునే చూడుడు. ఊరు గౌతమీ తీరమున ఉన్నది; పాలన ఎంతో దూరముననున్న పుదుచ్చేరి నుండి. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినది. 1962లో విలీనము చట్టబద్ధమైనది. ఎన్నికైన సభ్యులు 30 మంది గల శాసనసభలో యానామునకు ఒక్క స్థానము. 'యానాం పొజిషన్ ఏమిటి?' అన్నచో వీటిలో దేనిని చెప్పవలెను?

ఆ ఆంగ్లపదమునకు లాటిన్ మూలార్థము 'ఉంచుట'. సంస్కృతమునుండి వచ్చిన 'స్థానము'నకు, అరబ్బీనుండి వచ్చిన 'మఖామ్'నకు మూలార్థము 'నిలుచుట'. ఒకరు ఉంచిన చోటు వేరు, తాము నిలిచిన చోటు వేరు. 'మైనారిటీల పొజిషన్' అని వ్రాయునపుడు మనకు ఒసగబడిన హోదాను చెప్పుచున్నామా, మనము చేపట్టిన వైఖరినా? మొదటిది చాలవరకు ఇతరుల చేతిలోనిది, రెండవది మనది. ఈ భేదము మరచినచో, మన కర్తవ్యమును కూడ ఇతరులకే అప్పగించినవారమగుదుము.

విద్యార్థులు తగిన మాటనే ఎన్నుకొనవలెను. ఇట్టి పదములకు ఉర్దూ-తెలుగు పట్టిక నొకదానిని కళాశాల సంఘము వెలువరింపవలెనని కోరుచున్నాము.