మృతదేహం దొరకని మరణం: ఇంటివారు ఎన్నాళ్ళు ఎదురుచూడాలి?

అనకాపల్లి నుండి విశాఖపట్నం బస్సెక్కే వారందరికీ ఎన్.ఎ.డి. కూడలి తెలుసు. నౌకాదళ ఆయుధ డిపో వల్లనే దానికా పేరు వచ్చింది. 2016 జూలై 22, శుక్రవారం ఉదయం ఆ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది చెన్నై దగ్గరి తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు (నేటి శ్రీ విజయపురం) వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 విమానంలో బయలుదేరారు. మొత్తం 29 మంది. 11.45కు దిగవలసిన విమానం తొమ్మిది దాటిన కొద్దిసేపటికే బంగాళాఖాతంపై రాడార్‌కు అందకుండా పోయింది.

నౌకలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. ఫలితం లేదు. సెప్టెంబరు 15న, అంటే రెండు నెలలైనా నిండకముందే, అందరూ మరణించినట్లు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు. శిథిలాల సంగతి 2024 జనవరిలో గాని బయటపడలేదు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత జలాంతర వాహనం చెన్నై తీరానికి దాదాపు 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున వాటిని ఫోటో తీసింది. ఏడున్నరేళ్ళకు ‘ఎక్కడ’ అన్నది తెలిసింది. ‘ఎందుకు’ అన్నది ఆ ఫోటోలు చెప్పలేవు.

2014 మార్చి 8న 239 మందితో అదృశ్యమైన మలేషియా విమానం ఎంహెచ్ 370 విషయంలోనూ ఇదే జరిగింది. 2015 జనవరి 29న అందరూ మరణించినట్లు భావిస్తున్నామని ఆ ప్రభుత్వం ప్రకటించింది. కారణాన్ని నిర్ధారించలేకపోయామని 2018 జూలైలో దర్యాప్తు నివేదిక ఒప్పుకున్నది.

శవం లేకుండా మరణాన్ని ఎలా ప్రకటిస్తారని కొందరు నిలదీశారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే. కాని ప్రకటన లేకపోతే ఏమవుతుంది? పింఛను ఆగిపోతుంది. బ్యాంకు ఖాతా కదలదు. భార్య సుహాగన్ కాదు, బేవా కాదు. ఇద్దత్ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆమెకు తెలియదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఇలాంటి వ్యక్తిని ‘మఫ్ఖూద్’ అంటుంది. తీర్పు వచ్చేవరకు అతని ఆస్తిని వారసులు పంచుకోరాదు. భార్య విషయంలో హనఫీ పాత అభిప్రాయం ప్రకారం అతని ఈడువారు గతించేదాకా నిరీక్షించాలి. ఈ కష్టాన్ని చూసి 1930లలో మన దేశపు ఉలమాలు నాలుగేళ్ళ గడువు చెప్పిన మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించారు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోతే భార్య కోర్టును ఆశ్రయించవచ్చునన్నది. ఆ తీర్పు ఆరు నెలల తర్వాతే అమలులోకి వస్తుంది. ఈలోగా భర్త తిరిగివచ్చి కాపురానికి సిద్ధపడితే తీర్పు రద్దవుతుంది. ఆశకూ చోటిచ్చారు, ఆమె జీవితానికీ హద్దు చూపారు.

ఆస్తి విషయాలలో సాధారణ చట్టం ఏడేళ్ళ లెక్క చెబుతుంది. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్, నేటి భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్ అదే. విమాన ప్రయాణికుల కుటుంబాలకు ఆ ఏడేళ్ళ నిరీక్షణ తప్పింది. ప్రయాణికుల జాబితా ఉంది, ప్రభుత్వ నిర్ణయం ఉంది. మరి పూడిమడక నుండి వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారుడి ఇంటికి ఆ లేఖ ఎవరు రాస్తారు? గల్ఫ్‌కు వెళ్ళి జాడ తెలియని కూలీ భార్య ఎవరి గుమ్మం తొక్కాలి?

ఏఎన్-32 ఉదంతం నుండి ప్రభుత్వాలు నేర్వవలసిన పాఠం ఇదే. ప్రమాదం జరిగిందనడానికి బలమైన ఆధారాలుంటే పేదవాని విషయంలోనూ త్వరగా నిర్ణయం తీసుకోవాలి. నిర్ణయం తీసుకున్నామని వెతుకులాట మానరాదు. ప్రకటన ఇచ్చిన ఏడేళ్ళ తర్వాత కూడా శిథిలాలు దొరికాయి కదా!

కుటుంబాలూ ఒక జాగ్రత్త పాటించాలి. మనిషి తప్పిపోయిన వెంటనే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, దాని నకలు భద్రపరచుకోవాలి. చివరిసారి చూసినవారి వాంగ్మూలం రాయించుకోవాలి. రేపు ఖాజీ అడిగినా, కోర్టు అడిగినా ముందుగా కావలసినవి ఆ కాగితాలే.

సముద్రం తన రహస్యాన్ని దాచుకుంటే దాచుకోనీయండి. ఒడ్డున ఉన్న భార్యాబిడ్డల హక్కును మాత్రం ఎవరూ దాచరాదు.