జంట కుందేళ్ళ కలహము - పెద్దల మౌనము



మూగప్రాణుల యెడ దయ చూపవలెనని మేము ప్రతి తరగతిలోను బోధించుచున్నాము. కాని తెలివి తోడు లేని దయ యెంత క్రూరముగా పరిణమింపగలదో మా కన్నుల యెదుట జరిగిన యొక చిన్న సంగతి మాకు నేర్పినది. అందు మా తప్పును కలదు గావున దానిని దాచక చెప్పుచున్నాము.

ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలిక యింట రెండు కుందేళ్ళుండెడివి. సంతలో ఒకే బుట్టలోనుండి కొనిన అక్కచెల్లెండ్రు. మల్లి యనియు, మొల్ల యనియు పేర్లు. ఒక గోనెపట్టపై నొండొంటి నానుకొని నిద్రించెడివి. ఒకదాని ముఖమును మఱొకటి నాకెడిది. అయిదవ నెల దాటగానే మొల్ల మాఱినది. మల్లి చుట్టును తిరుగుట, దాని పైకెక్కుట మొదలిడినది. రెండు వారములు గడచునప్పటికి మల్లి మాఱినది. ఎండుగడ్డి నోట కఱచుకొని మూలకు చేర్చినది. తన ఱొమ్ముపై బొచ్చు తానే పెఱికికొని ఆ గడ్డిపై పఱచినది. దగ్గఱకు వచ్చిన మొల్ల చెవిని చీల్చినది. మేత పెట్టబోయిన బాలిక వ్రేలును కఱచినది.

ఇంటిలో నొకరు దిష్టి యనిరి. ఇరుగుపొరుగువారు పిచ్చి యనిరి. బాలిక బడికి వచ్చి మమ్ము అడిగినది. "ముందు నీ చదువు చూచుకొనుము" అని పంపివేసితిమి. ఆ సాయంకాలమే మల్లిని తీసికొనిపోయి చెఱువుగట్టున విడిచిరి. మఱునాడు తెల్లవాఱకమునుపే బాలిక పరుగెత్తిపోయి చూచినది. అచట కొంత తెల్లని బొచ్చు తప్ప మఱేమియు లేదు.

మల్లికి పట్టినది పిచ్చి కాదు. సామాన్యముగా కుందేళ్ళకు మూడున్నర మొదలు ఆఱు నెలల లోపల యుక్తవయస్సు వచ్చును. వృషణములు గాని, అండాశయములు గాని విడుచు అంతస్స్రావములు - హార్మోనులని మనము వినునవి యివియే - రక్తమున కలిసినంతనే నడవడి మాఱును. మగది మూత్రము చిమ్మును, తోడిదానిని తరుమును. ఒకే యీతలో పుట్టి కలిసి పెరిగిన మగపిల్లలు సైతము అప్పుడు ఘోరముగా పోరాడును. ఆడుది తన చోటును తన సొత్తుగా నెంచి కాపాడుకొనును. చిన్ననాటి చెలిమి యబద్ధము కాదు. అది యీ స్రావములు పొటమరింపని నాటి చెలిమి.

ఆడు కుందేలున మఱియొక విశేషము కలదు. దానికి నియమిత దినములలో అండము విడువడదు. జతకూడిన ప్రేరణచేత, సుమారు పది గంటల పిమ్మట విడువడును. ఎక్కినది తోడి యాడుదే యైనను ఒక్కొక్కప్పుడు ఆ ప్రేరణ చాలును. అంతట గర్భము లేకున్నను దేహము గర్భము కలదనియే నడచుకొనును. దీనిని మిథ్యాగర్భమందురు. నిజమైన గర్భము ముప్పది యొకటి దినములుండగా, ఇది పదునాఱు మొదలు పదునెనిమిది దినములలో ముగియును. గూడు కట్టుట, బొచ్చు పెఱుకుట దాని తుదిదశకు గుర్తులు. అనగా మల్లిని చెఱువుగట్టున విడిచిననాటికి ఆ కోపము చల్లాఱుటకు మిగిలినవి రెండు మూడు దినములే! ఆ గూడును కదపక, మొల్లను వేఱుగా నుంచి, ఓర్చియుండినచో సరిపోయెడిది.

"అడవి జంతువును అడవిలో విడిచితిమి గదా" యని కొందఱు సమాధానపడుదురు. ఇది పొరపాటు. మన యిండ్లలో పెంచు కుందేళ్ళ పూర్వులు స్పెయిను, పోర్చుగలు దేశములవి. నేలలో బొఱియలు త్రవ్వి గుంపుగా బ్రదుకునవి. వాని పిల్లలు బొచ్చు లేక, కన్ను తెఱవక పుట్టును. మన పొలములలోని కుందేలు వేఱొక జాతి. అది బయలే నివాసముగా బ్రదుకును. దాని పిల్లలు బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టును. పంజరమున పెరిగిన తెల్ల కుందేలును చెఱువుగట్టున విడుచుట స్వేచ్ఛ నొసగుట కాదు, కుక్కలకు అప్పగించుట.

ఇక చేయవలసినదేమి? కలహము పుట్టినంతనే రెంటిని వేఱుచేయవలెను. నడుమ వట్టి చేయి పెట్టరాదు. గాయములను బొచ్చు తొలగించి వెదకవలెను. పంటిగాటు పైకి చిన్నదిగా కన్పట్టినను లోపల చీము పట్టవచ్చును. కుందేలు చీము వెన్నవలె గట్టిగా నుండి తానై కాఱిపోదు. ఒండొంటిని చూచుటకును వాసన చూచుటకును వీలుగా నడుమ జల్లెడ యడ్డు పెట్టి, పడకలు మార్చుచు, కొన్ని వారములైన పిమ్మట రెంటికిని క్రొత్తదైన చోట కలుపవలెను. వానికి గుర్తు వాసనయే. ఒకదానినే ఆసుపత్రికి గొనిపోయి తెచ్చినచో రెండవది దానిని పరాయిదిగా నెంచి మీదబడవచ్చును. గావున రెంటిని కలిపియే తీసికొనిపోవుట మేలు.

శాశ్వతమైన మార్గము శస్త్రచికిత్స. మగదానికి చికిత్స జరిగిన పిమ్మటను నాలుగు మొదలు ఆఱు వారములు ఆడుదానితో కలుపరాదు. ఆడుదానికి అది కోపమునే కాదు, వయస్సు మీఱిన యాడు కుందేళ్ళలో మిక్కిలి తఱచుగా వచ్చు గర్భాశయపు పుట్టకురుపును సైతము తప్పించును. అయితే కుందేళ్ళకు మత్తు నిచ్చుటలో అనుభవము గల వైద్యుని వెదకవలెను. కుందేలు వాంతి చేసికొనజాలదు; దాని ప్రేగులు నిలువరాదు. గావున శస్త్రచికిత్సకు ముందు దానిని పస్తుంచరాదు. మఱియొక మాట: ప్రతి మార్పును వయస్సునకే అంటగట్టకుడు. చికిత్సయైనది గాని, ముసలిది గాని హఠాత్తుగా కఱచినచో పంటినొప్పియో, చెవిపోటో, కీళ్ళబాధయో యుండవచ్చును. పండ్రెండు గంటలు మేత ముట్టనిచో ఆలస్యము కూడదు.

ఇంత ఖర్చునకును శ్రమకును సిద్ధపడలేనివారు కుందేళ్ళ జంటను కొనకుండుటయే దయ యని మా యభిప్రాయము. "రెండును ఆడువే" యని యమ్మువాడు చెప్పిన మాట నమ్మరాదు. పసిపిల్లలలో ఆడు మగ తేడా కనుగొనుట కష్టము. ఆడుది ఈనిన దినముననే మరల గర్భము దాల్పగలదు.

కాని మేము ముఖ్యముగా చెప్పదలచినది మౌనమును గూర్చి. ఆ బాలిక ప్రశ్నకు మేమేల బదులీయమైతిమి? ఆడు, మగ, గర్భము అను మాటలు పిల్లల యెదుట పలుకుటకు సంకోచించితిమి. అదే విషయమును "వినాళ గ్రంథులు" అను పాఠముగా నల్లబల్లపై వ్రాయించుచున్నాము! పాఠము పరీక్షకే మిగిలినది; పెరటిలోని ప్రాణికి అక్కఱకు రాలేదు. ఇతర భాషల నడుమ తెలుగు మాధ్యమమును నిలుపుకొని "మా పిల్లలు మాతృభాషలో శాస్త్రము చదువుచున్నారు" అని గర్వించు మనము ఒక్కటి యోచింపవలెను. తెలుగులో చదివిన శాస్త్రము ఇంటివారికి తెలుగులో వివరింప నుపకరింపనిచో ఆ గర్వమునకు అర్థమేమి? పశువైద్యశాలలో వేఱు భాష వినవచ్చును. అచట హార్మోనన్నను, పుస్తకమున వినాళగ్రంథి స్రావమన్నను ఒకే సంగతి యని తెలిసిన విద్యార్థి రెండు భాషలకును వంతెన కాగలడు. ఆ తెలివి నిచ్చుట మా పని. దానిని ఇంట చెవి యొగ్గి వినుట తల్లిదండ్రుల పని.

మీ పిల్లలును ఈ వయస్సులోనే యున్నారు. మనుష్యుడు కుందేలు కాడు. అతనికి వివేకము, మాట కలవు. అయినను నిన్నటి మెత్తని బిడ్డ నేడు కసరుకొనినపుడు "చెడిపోయినాడు" అని తీర్పు చెప్పక, కారణమేమని యొక్క నిమిషము ఆగి యడుగుడు.

ఆ బాలిక యింట మొల్ల యింకను ఉన్నది. ఆమె మరల ప్రశ్న తెచ్చిననాడు ఏ పనిలోనున్నను కూర్చుండబెట్టి బదులు చెప్పుదుమని ఆమెకు మాట యిచ్చితిమి. ఆ మాట తక్కిన విద్యార్థులందఱికిని ఇచ్చుచున్నాము.