పంక్తిలో పదోవాడు

మా ముగ్గురు మేష్టర్లకూ ఒక పిచ్చి ఉంది. కోనసీమలో జనం నోట ఆడే మాటలు పోగుచెయ్యడం. నాది అమలాపురం, ఒకాయనది రాజోలు, ఇంకొకాయనది కొత్తపేట. కంప్యూటర్లో ఒకే పుస్తకం పెట్టుకుని ఎవరింట్లో వాళ్ళం కూచుని రాసేవాళ్ళం. మా ఇంటావిడ దీన్ని ఉమ్మడి కాపరం అనేది.

2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటినుంచి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు కంప్యూటర్లు సంచుల్లో వేసుకుని సిగ్నలు దొరికే చోటికి పరుగెత్తారు. మాకేం తొందర? ఎవరి ప్రతిలో వాళ్ళం రాసుకుంటూనే ఉన్నాం. తీరా లైను వచ్చాక ముగ్గురం మా ప్రతులు పంపాం. అందరికంటె చివర పంపింది కొత్తపేటాయన. ఆయనది మిగిలింది, మా ఇద్దరివీ తుడిచిపెట్టుకు పోయాయి. కొబ్బరి దింపులు తీసే ఒక ముసలాయన దగ్గర కూచుని రాజోలాయన రాసుకొచ్చిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి. మళ్ళీ అడుగుదామంటే ఆ ముసలాయన ఆ ఏడే పోయాడు.

నా పాత శిష్యుడొకడు హైదరాబాదులో ఇలాంటి సరుకే తయారుచేస్తాడు. సంక్రాంతికి వస్తే పట్టుకుని అడిగాను.

"ఆయ్, మీ సరుకు పద్ధతే అది మేష్టారూ. చివర రాసినవాడిదే రాత. తేలికే గాని, నలుగురు కలిసి రాసేదానికి పనికిరాదండి."

"పోనీ, ఒకరు రాస్తున్నంతసేపూ తాళం వేసుకుంటే?"

"తాళం వేసినాయన లైను పోయి రాజోల్లో ఉండిపోతేనండీ? తాళంచెవి ఆయన మొలలో ఉంటుంది కదా!"

తరవాత వాడు చెప్పింది నాకు బోధపడిన తీరులో చెబుతాను. పంక్తి భోజనాలనుకోండి. "పదో ఆయనకు నెయ్యి!" అని మీరు కేకేశారు. ఈలోగా మూడో విస్తరి దగ్గర ఒక చుట్టం ఇరుక్కు కూచున్నాడు. నెయ్యి అందవలసినాయన ఇప్పుడు పదకొండోవాడు. పంక్తి మొదట నిలబడ్డ పెద్ద ఆ సంగతి గమనించి, పదిని పదకొండు చేసి పంపాలి. అక్షరాలకు ఈ లెక్కకట్టే దారిని 1989లో ఎల్లిస్, గిబ్స్ అనేవారు చూపించారు. గూగుల్ డాక్స్ నడిచేది ఆ దారినే. అక్కడ పంక్తి పెద్ద ఎక్కడో ఉన్న కంప్యూటరు. ఆయనతో చాలా రోజులు మాట కలవకపోతే లెక్క చిక్కుపడుతుంది.

ఇంకో దారికి 2011లో మార్క్ షపీరో, ఆయన తోటివాళ్ళూ సి.ఆర్.డి.టి. అని పేరుపెట్టారు. అందులో విస్తరికి అంకె కాదు, పేరు. "ఫలానావారి కుడిపక్కాయన" అంటే మధ్యలో ఎందరు ఇరుక్కున్నా నెయ్యి తప్పిపోదు. పెద్ద కూడా అక్కర్లేదు. లైను ఎన్నాళ్ళు లేకపోయినా, ఎవరి మార్పు ముందొచ్చినా, అన్నీ అందాక అందరి ప్రతులూ ఒకటే అవుతాయి. ఒకటే చిక్కు. చెరిపేసిన అక్షరానిక్కూడా సామాన్యంగా గుర్తు ఉంచాలి, లేచి వెళ్ళినాయన విస్తరి తియ్యకుండా ఉంచినట్టు. పుస్తకం బరువెక్కుతుంది. ఎక్కనీ అనుకున్నాను.

అక్కడే పరీక్ష చేశాం. ఇద్దరం లైను తీసేసి "కురిడీ" అన్న మాటకు అర్థం రాశాం. నేను "లోపల నీళ్ళింకి ఎండిన కొబ్బరికాయ" అన్నాను. వాడు "అటకమీద నెలల తరబడి నిలవచేసిన కాయ" అన్నాడు. లైను కలపగానే రెండూ ఒకదాని వెనక ఒకటి అతుక్కున్నాయి. అక్షరం పొల్లుపోలేదు. కాని చదివితే ఇద్దరు ఒక్కసారే మాట్లాడుతున్నట్టుంది.

"అర్థం కలపడం మాత్రం మీ పనేనండి" అన్నాడు వాడు.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మా ఇలాకా! రెండు తాటాకు ప్రతులు రెండు రకాలుగా ఉంటే మేం పాఠాంతరం అంటాం. బ్రౌను దొర పండితులను కూచోబెట్టి చేయించింది ఈ పనే కదా. ఒక ప్రతి మిగిల్చి తక్కినవి చెరువులో పారెయ్యలేదు.

అంచేత ఆ రెండో దారే పట్టాం. మాటకొక చీటీ. ఒకే మాటకు ఇద్దరు అర్థం రాస్తే రెండూ రాసినవారి పేర్లతో ఉంటాయి. ఆదివారం మా ఇంట్లో ముగ్గురం కూచుని తేలుస్తాం. ఓడిపోయిన అర్థాన్నీ చెరపం. ముసలాయన మాటల్లో రాజోలాయనకు జ్ఞాపకం వచ్చినవి మూడే మూడు, వాటికి ముందుగా చీటీలు పడ్డాయి.

మొన్న ఆదివారం కురిడీ దగ్గరే తగువు. ఆడిస్తే లోపల గుండు చప్పుడవకపోతే అది కురిడీయే కాదంటాడు కొత్తపేటాయన. మా ఇంటావిడ అటకమీంచి ఒక కాయ దింపి, ముగ్గురి చెవుల దగ్గరా ఆడించి, కాఫీ చల్లారిపోతోందని చెప్పి వెళ్ళిపోయింది.