ఆమె రహస్యం మన అమానతు

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఆంధ్రదేశంలో ఊరూరా ఒక ప్రశ్న వినిపించేది: ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ ఆ ప్రచారం చిన్నాపెద్దా అందరి నోటా నానింది. అయితే పులిరాజా ఇల్లాలి గతి ఏమిటని ఆనాడు అడిగినవారు తక్కువ. ఈ నెల ఆ ఇల్లాలి గురించి మాట్లాడుకుందాం.

2021 నాటి ప్రభుత్వ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.2 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వయోజనుల్లో వ్యాప్తి దేశం మొత్తం మీద 0.21 శాతం కాగా మన రాష్ట్రంలో 0.67 శాతం. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాతి స్థానం మనదే. దేశంలోని బాధితుల్లో నూటికి నలభై మందికి పైగా స్త్రీలు. వారిలో అనేకులు భర్త తప్ప పరపురుషుని ఎరుగనివారు.

గుంటూరు, ప్రకాశం నేలల సంగతి తెలిసినవారికి ఈ లెక్కలు అర్థమవుతాయి. పత్తి, మిరప పంటలకు పెట్టుబడి ఎక్కువ, భరోసా తక్కువ. 1987-88లో పత్తి దెబ్బతిన్నప్పుడు ఈ రెండు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారి అప్పులు భార్యల నెత్తిన పడ్డాయి. దూది ఏకడమే జీవనాధారంగా బతికిన నూర్‌బాషా కుటుంబాలు మిల్లులు వచ్చాక కూలిపనులకు మళ్ళాయి. మిరప కోతల కాలంలో ఆదోని ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వలస వస్తాయి. ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు మీదుగా సాగే చెన్నై–కోల్‌కతా రహదారిపై లారీ నడిపే పురుషులు నెలలో ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా ఉంటారు. అప్పు, వలస, ఒంటరితనం కలిసిన చోట ఈ వ్యాధికి దారి దొరుకుతుంది.

ఆ దారిలో ఇద్దరు స్త్రీలు దెబ్బతింటున్నారు. ఒకరు నికాహ్ బంధంలో ఉండి, భర్త ద్వారా వ్యాధి సోకిన ఇల్లాలు. మరొకరు పూట గడవక, లేదా ఎవరో మోసగించి అమ్మివేయగా, దేహాన్ని అమ్ముకోవలసి వచ్చిన అభాగ్యురాలు. సమాజం మొదటి ఆమెను జాలితో చూస్తుంది, రెండవ ఆమెను తీర్పరిలా చూస్తుంది. చివరకు ఇద్దరినీ గడప బయటనే నిలబెడుతుంది.

దివ్యఖుర్ఆన్ బోధన ఇందుకు భిన్నమైనది. మదీనాలో కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై తన బానిస స్త్రీలను వ్యభిచారానికి పంపి ఆ సంపాదన తినేవాడు. ఆ సందర్భంలో అవతరించిన సూరా అన్‌నూర్ 33వ ఆయతు అటువంటి బలవంతాన్ని నిషేధించింది. బలవంతానికి గురైన స్త్రీల విషయంలో అల్లాహ్ క్షమాశీలుడు, కరుణామయుడు అని ప్రకటించింది. వ్యభిచారం ఘోర పాపమే, అందులో సందేహం లేదు. అయితే ఆమెను ఆ స్థితికి నెట్టినవాడి లెక్క వేరే ఉందని గ్రంథం స్పష్టం చేసింది. దప్పికతో అల్లాడుతున్న కుక్కకు తన పాదరక్షతో నీరు తోడి తాగించిన ఒక వ్యభిచారిణిని అల్లాహ్ మన్నించాడని దైవప్రవక్త (స) తెలిపిన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ తెరిచి ఉంచిన తౌబా ద్వారాన్ని మూయడానికి మనమెవరం?

ఇక నివారణ సంగతి. 2003లో మొదలైన ‘అవహాన్’ కార్యక్రమం కోస్తా ఆంధ్ర జిల్లాల్లో హిందుస్తాన్ లేటెక్స్ వారి కుటుంబ సంక్షేమ సంస్థ ద్వారా నడిచింది. దాని ముఖ్య పద్ధతి చాలా సాదాసీదా అయినది. ప్రమాదంలో ఉన్న స్త్రీల వద్దకు అదే బతుకు బతికిన తోటి స్త్రీలనే కార్యకర్తలుగా పంపారు. ఏ వేళ ఎవరిని పలకరించవచ్చో, ఎవరింట ఏ భయం ఉందో, ఏ వీధిలో ఎవరు వేధిస్తారో వారికి తెలుసు. ఒక స్త్రీని ఎవరైనా కొట్టినా, పోలీసులు పట్టుకున్నా ముందుగా పరుగెత్తేది వారే. ఆపదలో తోడు వచ్చిన మనిషి ఆసుపత్రికి రమ్మంటే ఆమె కాదనదు. గోడమీది వంద రాతలు చేయలేని పని ఒక నమ్మకమైన పలకరింపు చేస్తుంది.

ఇస్లామీ సమాజాలకూ ఇది కొత్త కాదు. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండాలో ముస్లిం వైద్యుల సంఘం 1990 దశకంలో మస్జిదుల ఇమాములకు శిక్షణ ఇచ్చింది. ఇమాము జుమా ప్రసంగంలో విషయం చెబితే, ఆ మస్జిదుకు చెందిన వలంటీర్లు ఇంటింటికీ వెళ్ళి కుటుంబాలతో మాట్లాడేవారు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం దానిని ఆదర్శ కృషిగా గుర్తించింది. మన మొహల్లాల్లో మస్జిదు ఉంది, ఇమాము ఉన్నారు, ఖుర్ఆన్ పాఠాలకు కూడే స్త్రీలు ఉన్నారు. వారికి ఈ పని అప్పగించడమే తరువాయి.

ఈ పనిలో మొదటి షరతు రహస్య రక్షణ. ఇక్కడ మనం ఒక తేడా గ్రహించాలి. తోటి విశ్వాసి లోపాన్ని కప్పినవాని లోపాలను అల్లాహ్ కప్పుతాడని హదీసు బోధిస్తోంది. పరువు పేరుతో మనం పాటించే మౌనం అటువంటిది కాదు. ఆ మౌనంలో ఆమె మాత్రలు బియ్యపు డబ్బాలో దాచుకుంటుంది, అత్తగారు చూస్తారని పూటలు మానేస్తుంది, చివరకు మంచాన పడుతుంది. ఆమె విషయం పదిమందికి చెప్పకూడదు, ఆమెను ఒంటరిగానూ వదలకూడదు. విషయం తెలిసిన ఒక్క నమ్మకస్తురాలు నెలనెలా ఆమెతో పాటు ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్ళగలిగితే చాలు.

మాత్రలు మానకపోవడం ఎందుకింత ముఖ్యం? ఏ.ఆర్.టి. మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. గుంటూరు సర్వజన ఆసుపత్రిలోనూ ఆ కేంద్రం ఉంది. పరీక్షలో వ్యాధి తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెట్టాలన్నది 2017 నుంచి దేశ విధానం. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, ఆ స్థితి నిలకడగా ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా వ్యాధి సోకదు. గర్భిణి మందులు వాడితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపునకు పడిపోతుంది. చికిత్స లేకుంటే అది 15 నుంచి 45 శాతం. కలిసి భోంచేసినా, కౌగిలించుకున్నా, ఒకే చాపపై నమాజు చేసినా ఈ వ్యాధి అంటదు. చనిపోయినవారికి గుస్ల్ ఇచ్చేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని, మామూలు జాగ్రత్తలు పాటిస్తే సరిపోతుంది. గుస్ల్ ఇవ్వబోమని తప్పుకోవడానికి కారణం లేదు.

రెండవది గూడు. భర్త మరణించిన తర్వాత, ‘వాడిని నువ్వే మింగావు’ అంటూ కోడలిని పుట్టింటికి గెంటివేసే ఇళ్ళున్నాయి. ఆ ఇంటి పెద్దలు రెండు చట్టాలను అతిక్రమిస్తున్నారు. షరీఅత్ ప్రకారం భర్త చెల్లించని మహర్ అతని ఆస్తిపై అప్పు. పంపకానికి ముందే దానిని తీర్చాలి. ఆ తర్వాత సంతానం ఉంటే ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు ఆమె వాటా. ఇక 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆమెను తాను నివసించిన ఉమ్మడి ఇంటి నుంచి వెళ్ళగొట్టరాదు. మస్జిదు కమిటీ పెద్దలు ఆ ఇంటి గడప తొక్కి ఈ రెండు మాటలు చెప్పగలరు. వారి మాటకు విలువ ఉంటుంది.

మూడవది జీవనాధారం. ఏ.ఆర్.టి. మందులు వాడుతున్నవారికి రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ. 4,000 పింఛను ఇస్తోంది. దరఖాస్తు నింపడానికి, కాగితాలు సమకూర్చడానికి చదువుకున్న మన పిల్లలు సాయపడవచ్చు. జకాత్ హక్కుదారుల్లో పేదలు, అప్పులపాలైనవారు ఉన్నారని సూరా అత్‌తౌబా తెలుపుతోంది. రంజాన్‌లో చీర, సేమియా ఇచ్చి పంపడం కన్నా, వడ్డీ వ్యాపారి చెర నుంచి ఆమె అప్పు విడిపించి ఒక కుట్టుమిషను ఇప్పించడం మేలు. ఒక స్త్రీ తప్పుదారికి నెట్టబడకుండా ఆపే అతి బలమైన అడ్డుకట్ట అదే.

నాలుగవది నికాహ్‌కు ముందు పరీక్ష. అబ్బాయి జీతం, ఇల్లు, పొలం గురించి ఆరా తీసే తల్లిదండ్రులు అతని ఆరోగ్యం గురించి అడగడానికి సిగ్గుపడతారు. ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఫలితం రహస్యం. సమ్మతి లేకుండా ఎవరికీ పరీక్ష చేయరాదన్నది చట్టం. కాబట్టి కమిటీలు బలవంతపెట్టకుండా, ఇరుపక్షాలకూ సమానంగా హితవు చెప్పాలి. సోకిన వెంటనే వ్యాధి పరీక్షలో బయటపడకపోవచ్చు గనుక అనుమానం ఉంటే మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించుకోవాలి. తనకు వ్యాధి ఉన్నదని తెలిసి దాచి నికాహ్ చేసుకోవడం దగా. దంపతుల్లో ఒకరికే వ్యాధి ఉంటే చికిత్సతో పాటు కండోమ్ వాడవలసినదిగా వైద్యులు సూచిస్తారు; ప్రాణరక్షణ కోసం ధర్మబద్ధమైన దాంపత్యంలో పాటించే ఆ జాగ్రత్తను ఎగతాళి చేయడం తగదు.

వితంతువుల కోసం, నిరుపేదల కోసం పాటుపడేవాడు దైవమార్గంలో పోరాడే యోధుని వంటివాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆ పుణ్యం సంపాదించే అవకాశం మన మొహల్లాలోనే, బహుశా మన పక్కింట్లోనే ఉంది. సోదరీమణులారా! మీ వీధిలో నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురు కలిసి, దగ్గరలోని ఐ.సి.టి.సి. కేంద్రం ఎక్కడుందో ముందుగా తెలుసుకోండి. 1097 అనే ఉచిత ఫోను నంబరు గుర్తుంచుకోండి. ఏదో ఒకనాడు ఒక స్త్రీ మీ చెవిలో తన బాధ చెప్పుకుంటుంది. ఆ మాట మీ వద్ద అమానతు. దానిని మీలోనే ఉంచుకుని, ఆమెతో పాటు ఆసుపత్రికి నడవండి.