జీతం హైదరాబాదుది, అద్దె ఎవరిది?

భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్-4 వంటి వాడలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, నర్సింగ్ చదువు ముగించిన కుమార్తెను ఉద్యోగానికి ఎక్కడికి పంపాలన్న ప్రశ్న కొత్తది కాదు. స్థానిక నర్సింగ్ హోమ్‌లో చేర్చడమా, రాయపూర్ పంపడమా, లేక హైదరాబాదులోని ఏదో ఒక కార్పొరేట్ ఆస్పత్రికి తరలించడమా? జీతాల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే హైదరాబాదు వైపే త్రాసు మొగ్గుతుంది. అయితే ఆ త్రాసులో ఒక పళ్లెంలో జీతం మాత్రమే ఉందనీ, రెండవ పళ్లెంలో వేయవలసిన ఇంటి అద్దె, హాస్టల్ భోజనం, రాత్రి డ్యూటీ రాకపోకల ఖర్చు వేయనేలేదనీ చాలామంది గమనించరు.

భిలాయిలో ఈ లెక్క మరింత చిక్కుగా ఉండడానికి కారణం ఆ ఊరి పుట్టుకలోనే ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా నిర్మించిన ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చినవారికి ఉద్యోగంతో పాటు కంపెనీ క్వార్టరు, సెక్టర్-9లో కంపెనీ ఆస్పత్రి లభించాయి. క్వార్టరుకు చెల్లించే మొత్తం బయటి అద్దెలతో పోల్చదగినది కాదు. ఆ ఇంట్లో పెరిగిన నర్సు పట్టణంలోని ప్రైవేటు ఆస్పత్రిలో తక్కువ జీతానికి పని చేయగలుగుతున్నదంటే, తండ్రి క్వార్టరు ఆమెకు నీడ ఇస్తున్నందువల్లనే. మరో విధంగా చెప్పాలంటే ప్రభుత్వ రంగ కర్మాగారం కల్పించిన వసతి, పరోక్షంగా ప్రైవేటు యాజమాన్యాల జీతాల బిల్లును తగ్గిస్తున్నది. ఈ సబ్సిడీ ఏ బడ్జెట్ పత్రంలోనూ కనిపించదు.

ప్రాంతాన్ని బట్టి ఖర్చు మారుతుందన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఏడవ వేతన సంఘం సిఫార్సుల ప్రకారం 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రులలో నర్సింగ్ ఆఫీసరు ప్రారంభ మూలవేతనం 44,900 రూపాయలు. కరువుభత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుంచి ఇంటి అద్దె భత్యం ఎక్స్ తరగతి నగరాలకు 30 శాతంగా, వై తరగతి నగరాలకు 20 శాతంగా నిర్ణయమైంది. హైదరాబాదు మొదటి తరగతిలోనూ, దుర్గ్-భిలాయి నగర్, రాయపూర్ రెండవ తరగతిలోనూ ఉన్నాయి. అనగా ప్రారంభ మూలవేతనంపై హైదరాబాదులో 13,470 రూపాయలు, భిలాయిలో 8,980 రూపాయలు. ఊరు మారితే అద్దె నిమిత్తమే 4,490 రూపాయలు అదనంగా అవసరమని సర్కారు తన నర్సు విషయంలో అంగీకరించిందన్న మాట. ఆ మొత్తానికి హైదరాబాదులో ఒక గది లభిస్తుందా అన్నది వేరే విషయం.

ప్రైవేటు నర్సుకు ఈపాటి లెక్క కూడా లేదు. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలపై కేంద్రం నియమించిన నిపుణుల సంఘం, 200 పడకలకు మించిన ప్రైవేటు ఆస్పత్రులలో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతాలు ఉండాలనీ, 100 పడకలు దాటిన చోట అంతకు 10 శాతానికి మించి, 50 దాటిన చోట 25 శాతానికి మించి తగ్గరాదనీ, 50 పడకల లోపు ఆస్పత్రులలో సైతం 20 వేల రూపాయలకు తగ్గరాదనీ సిఫార్సు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలపై పడింది. కేరళలో 2017లో నర్సులు ఆందోళనకు దిగిన పిదప, 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం 20 వేల రూపాయల కనీస మూలవేతనాన్ని నోటిఫై చేసింది. వీధికెక్కనిదే సిఫార్సు కదలదని అక్కడి నర్సులు ముందే గ్రహించినట్లున్నారు.

ఆ 20 వేల అంకె సైతం నిలిచిన చోటనే నిలిచి ఉండగా ధరలు నిలవలేదు. 2016ను 100గా తీసుకున్న పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ 2024 డిసెంబరు నాటికి 143.7కు చేరింది. 2016 నాటి 20 వేల రూపాయల కొనుగోలు శక్తి నిలవాలంటే 28,740 రూపాయలు కావాలి. ప్రభుత్వ నర్సుకు ఈ తేడాను కరువుభత్యం పూడుస్తున్నది. ప్రైవేటు నర్సుకు పూడ్చేది యాజమాన్యం దయ.

ఇక్కడ ఒక పొరపాటుకు తావున్నది. సూచీని చూసి ఏ ఊరు చౌక, ఏ ఊరు ఖరీదు అని నిర్ణయించడానికి వీలులేదు. లేబర్ బ్యూరో లెక్కగట్టే కేంద్రవారీ సూచీ ఆ కేంద్రంలో ధరలు కాలక్రమేణా ఎంత పెరిగాయో చెబుతుందే తప్ప, ఒక ఊరి ఖర్చును మరొక ఊరి ఖర్చుతో పోల్చదు. తరలిపోదలచిన నర్సుకు కావలసిన సమాచారం సరిగ్గా ఆ రెండవదే. కనుక ఆమెకు మిగిలిన ఆధారం ముందుగా వెళ్లిన స్నేహితురాలి ఫోను మాటలు మాత్రమే.

ఆ మాటలలో రానివి కూడా ఉంటాయి. రాష్ట్రం మారితే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో తిరిగి నమోదు చేయించుకోవాలి. బాండు పేరిట అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే యాజమాన్యం చేతిలో పడితే, జీతం చాలకపోయినా వెనుదిరిగే దారి ఉండదు. వలస అనుమతి తప్పనిసరి అయిన గల్ఫ్ తదితర దేశాలకు నర్సుల నియామకాన్ని కేంద్రం 2015లో ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. రాయపూర్‌లో రైలు మారి హైదరాబాదు చేరే నర్సు విషయంలో మాత్రం జోక్యం అవసరమని ఎవరూ భావించలేదు. నియామక పత్రంలో చేతికందే జీతం, వసతి, డ్యూటీ గంటలు విడివిడిగా రాసి ఇవ్వాలని రాష్ట్రాలు నిర్బంధిస్తే ఖజానాపై పైసా భారం పడదు.

భిలాయిలోనే ఉండిపోయిన నర్సు లెక్క కూడా శాశ్వతం కాదు. తండ్రి పదవీ విరమణ చేసి సెక్టర్-4 క్వార్టరు తాళం చెవులు అప్పగించిన మరుసటి నెల నుంచి ఆమె కూడా అద్దె ఇంటి కోసం వెదకవలసిందే. జీతం మాత్రం నిన్నటిదే.